ఎరుపు తగ్గే చుక్కలు

పొద్దున్న ఏడింటికి అమ్మ కుర్చీలో తల వెనక్కి వాల్చి, ఎడమ కంటి కింది రెప్పను వేలితో లాగి పట్టుకుని చుక్క వేసుకుంది. కన్ను మూసి, ముక్కు పక్కన కాసేపు నొక్కి పట్టింది. ఐదు నిమిషాలాగి రెండో మందు. నాలుగేళ్ళ కిందట ఆ కంటికి నీటికాసుల జబ్బుకు, అదే గ్లాకోమాకు, ఆపరేషన్ అయినప్పటి నుంచి ఈ ఇంట్లో కాఫీ కన్నా ముందు జరిగే పని ఇదే. కుడి కన్ను అంతకు ముందే పోయింది.

కూతురు గుమ్మంలో నిలబడి, దొంగను కాపలా కాస్తున్నట్టు చూస్తోంది. ఇంట్లో ఆమె పేరు చిన్నడాక్టరు. నిజానికి మందుల షాపులో ఫార్మసిస్టు. జలుబు దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా ఇంటిల్లిపాదికీ మందు చెప్పేది తనే కాబట్టి నాన్న ఆ బిరుదు తగిలించాడు. ఆమె పైకి విసుక్కుంటుంది గానీ, లోపల మురిసిపోతూనే ఉంటుంది.

"ఇవాళంటే వేసుకున్నావు. నేను లేనప్పటి సంగతేంటి?"

"రోజూ వేసుకుంటూనే ఉన్నానే."

"వేసుకుంటే పన్నెండు, పధ్నాలుగు దాటని కంటి ప్రెషర్ నిన్న ఆసుపత్రిలో చూస్తే ఇరవై ఎనిమిదికి ఎందుకు ఎగబాకిందమ్మా? దిగకపోతే మళ్ళీ ఆపరేషన్ అన్నారు. ఉన్నది ఒక్క కన్ను."

నాన్న పేపరు దించాడు. "పొద్దున్నే దాని మీద పడతావేంటే? మీ అమ్మ మందు తప్పించడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"మీరు పేపర్లోంచి తలెత్తితే కదా నాన్నా చూడటానికి."

అమ్మ చెంప తుడుచుకుని సీసాల మూతలు బిగించింది. ఆ నింపాది చూసి చిన్నడాక్టరుకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఒకటో తరగతి పిల్లలకి అబద్ధం ఆడకూడదని నేర్పే టీచరువి. నా దగ్గరే ఆడుతున్నావు."

అమ్మ ముఖం చిన్నబోయింది. "నేను మందు మానలేదమ్మా" అంది మెల్లగా.

"అయితే సీసాలే చెప్తాయి" అంటూ చిన్నడాక్టరు సొరుగు లాగి బల్ల మీద బోర్లించింది. అమ్మ ఖాళీ సీసాలు పారేయదు, షాపులో చూపించడానికి దాచుకుంటుంది. నెలకు ఒక్కోటి చొప్పున రెండు మందుల సీసాలూ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. వాటి వెనక నుంచి ఇంకో రకం తెల్ల సీసాలు దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది. పేరు చదివింది. ఒకప్పుడు తను తెచ్చిచ్చిన చుక్కలే.

ఎనిమిది నెలల కిందటి మాట. ప్రెషర్ తగ్గించే మందు పడక అమ్మ కన్ను ఎర్రబడుతుండేది. క్లాసులో ఒక పాప "టీచర్, మిమ్మల్ని ఎవరు కొట్టారు?" అని అడిగిందట. అమ్మ నవ్వుతూనే చెప్పింది గానీ బాగా బాధపడింది. చిన్నడాక్టరు మర్నాడు షాపు నుంచి ఎరుపు తగ్గే చుక్కలు తెచ్చిచ్చింది. వాటిలో స్టెరాయిడ్ ఉంటుందని ఆమెకు తెలుసు. నాలుగైదు రోజులకు ఏమవుతుందిలే అనుకుంది. అనుకుంది గానీ ఆ నాలుగైదు రోజుల మాట అమ్మకు చెప్పలేదు. "డాక్టరు గారితో అనకమ్మా, నన్ను చీల్చి చెండాడతారు" అని మాత్రం నవ్వుతూ అంది. ఆ తర్వాత తనే మర్చిపోయింది.

"ఇవి... ఇంకా వాడుతున్నావా?"

"నువ్విచ్చినవే కదా. కన్ను ఎంత తెల్లబడిందో."

నాన్న అందుకున్నాడు. "అయిపోయినప్పుడల్లా సీసా చూపించి సందు చివర షాపులో నేనే తెస్తున్నా. దానికి ఒక్క రోజు కూడా లోటు రానివ్వలేదు."

చిన్నడాక్టరు సీసా బల్ల మీద పెట్టేసింది. "నిన్న డాక్టరు గారు వేరే చుక్కలేమైనా వాడుతున్నారా అని అడిగారు కదమ్మా. లేదన్నావేంటి?"

"నువ్వు చెప్పద్దన్నావుగా. నీ ఉద్యోగానికి మాటొస్తుందేమోనని."

నిన్న జవాబు చెప్పే ముందు అమ్మ తన వైపు ఒకసారి తిరిగి చూసింది. మందు మానేసి దొరికిపోయిన చూపు అనుకుంది తను. అది చెప్పమంటావా అని అడగడం. తన గుట్టు కాపాడటానికి అమ్మ ఆపరేషన్‌కు కూడా తలూపి వచ్చింది.

"ప్రెషర్ పెంచింది వీటిలో ఉన్న స్టెరాయిడేనమ్మా. నాకు తెలుసు. చదువుకున్నా, పరీక్షలో రాశా, కొనేవాళ్ళందరికీ రోజూ చెప్తా. నీకే చెప్పలేదు."

నాన్న చేతిలో పేపరు మడతపడిపోయింది. అమ్మ మాత్రం "పోనీలే, ఇప్పుడైనా తెలిసింది" అంది. ఆ పోనీలే విన్నాక చిన్నడాక్టరు ఇంట్లో కూర్చోలేకపోయింది. గంటలో అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళి, కూర్చోమనక ముందే డాక్టరుకు అంతా చెప్పేసింది.

ఆయన కలం పక్కన పెట్టాడు. "మీరు ఫార్మసిస్టు కదూ" అన్నాడు. ఇంకేం తిట్టలేదు. ఆ చుక్కలు ఆపి, మిగతావి కొనసాగించమని రాసిచ్చాడు.

మూడు వారాలకు ప్రెషర్ పదిహేనుకు దిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కానీ పక్కచూపు పరీక్షలో, ఉన్న ఒక్క కంట్లోనూ ముక్కు వైపు చూపు కొంత పోయిందని తేలింది. అది ఇక తిరిగి రాదు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"నన్ను ఒక్క మాటన్నా తిట్టమ్మా."

"తిట్టి ఏం చేస్తాను? ఎరుపు పోయిందని మురిసిపోయి అడక్కుండా వాడింది నేనేగా. అయినా పెద్ద ఇబ్బందేం లేదే. కుడి వరసలో పిల్లలు కనపడటం లేదని మొన్ననే అందర్నీ ఎడమ పక్కకి మార్చాను. ఇద్దరు కొట్టుకున్నారు కూడా, ముందు నేనంటే నేనని..."

అమ్మ హుషారుగా చెప్పుకుపోతోంది. చిన్నడాక్టరుకు కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు దాచినా అమ్మ ఆమె ఏడుపును ఇట్టే పట్టేసేది. ఇవాళ జానెడు దూరంలో కూర్చుని ఏడుస్తుంటే, అమ్మ నవ్వుతూ పిల్లల కబుర్లు చెబుతోంది. తను కూర్చున్నది అమ్మకు కుడి పక్కన.

ఆమె లేచింది. ముఖం తుడుచుకోకుండానే అటు తిరిగి వెళ్ళి, అమ్మకు ఎడమ పక్కన కూర్చుంది.

అమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. "ఏడుస్తున్నావేంటే పిచ్చిదానా" అంటూ కొంగు తీసి కూతురి చెంపలు తుడిచింది.