ముందు బారు మీద చిన్న సీటు

మా ఆవిడ నన్ను తుప్పు అని పిలిచేది. కోపంలో కాదు, మామూలుగానే. "తుప్పూ, టీ చల్లారిపోతోంది" అని వంటింట్లోంచి కేకేస్తే, వెనక గదిలో కిరోసిన్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ "వస్తున్నా" అనేవాణ్ణి. వెళ్ళేవాణ్ణి కాదు. పగలంతా ఆసుపత్రిలో మనుషుల ఎముకలకి ఎక్స్‌రేలు తీయడం, సాయంత్రం ఇంటికొచ్చి పాత సైకిళ్ళ ఎముకలు పట్టుకు కూర్చోవడం. అరవై ఏళ్ళనాటి బండిని ఒక్కో నట్టూ విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించి, వెనక చక్రం ఒక్క తిప్పు తిప్పి వదిలేస్తే ఫ్రీవీలు టిక్ టిక్ టిక్ మంటుంది చూడండి, ఆ చప్పుడు కోసమే ఇదంతా.

మా పాత సైకిళ్ళ పిచ్చోళ్ళకి ఒక పట్టింపుంది. బండి మొదట్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే చెయ్యాలి. రంగు మీద చిన్న గుర్తు కనిపించినా సరే, అక్కడ ఏముండేదో కనుక్కుని, వెతికి, తెచ్చి పెట్టాలి. లేకపోతే నిద్ర పట్టదు.

నేను చెప్పబోయే సైకిలు ఒక టైలరుది. ఆయన పోయాక ఆయన చెల్లెలు నాకిచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నల్ల ఫ్రేము, రాడ్ బ్రేకులు, వెనక చక్రానికి డైనమో, ముందు గుండ్రటి లైటు. ఎగిరి గంతేశాననుకోండి. బండి బయటికి తోస్తుంటే ఆవిడ హ్యాండిల్ పట్టుకుంది, వదల్లేదు.

"బాబూ, ఏమన్నా పెట్టుకో. ముందు బారు మీద మాత్రం ఏమీ పెట్టకు."

"ఏం, ఎందుకమ్మా?"

"మా అన్న రోజూ ఆరింటికి కాస్త ముందు కొట్టు కట్టేసి, కూతుర్ని బడి దగ్గర్నుంచి తెచ్చుకునేవాడు. బారు మీద పిల్లకి చిన్న సీటుండేది. ఒకరోజు ఇంటిదాకా తేలేకపోయాడు. వంతెన దిగాక లారీ..." అని ఆగిపోయింది. "సీటు ఆయనే పీకేశాడు. కానీ చచ్చేదాకా చేతులు ఎడంగా పెట్టే తొక్కేవాడు, మధ్యలో పిల్ల కూర్చున్నట్టు."

అయ్యో అన్నాను. నిజంగానే బాధేసింది. కానీ ఇంటికొచ్చి బారు మీద మురికి తుడిచేసరికి, నల్ల రంగు మీద రెండు వేళ్ళ వెడల్పున బిగింపు గుర్తులు బయటపడ్డాయి. అంతే, బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. రెండు వారాలు పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ గాలించి, ఆ కాలంనాటి చిన్న సీటొకటి పట్టుకొచ్చాను. బిగించి చూస్తే వెంట్రుకవాసి తేడా లేకుండా ఆ గుర్తుల మీదే కూర్చుంది. ఎంత మురిసిపోయానో!

మా నాలుగేళ్ళ పిల్ల, ముద్దుపేరు పిచ్చుక, గుమ్మంలో నిలబడి అడిగింది. "నాన్నా, అది నాదేనా?"

"నీదే తల్లీ" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఆ సాయంత్రం మబ్బు పట్టి త్వరగా చీకటైంది. మా ఆవిడ వాళ్ళక్కను చూడ్డానికి వెళ్ళింది. సైకిల్ని నడుమెత్తు ఇనప స్టాండుకి తగిలించి ఉంచాను, రెండు చక్రాలూ గాల్లోనే. కరెంటు పోయింది. జల్లు కొడుతోందని కిటికీలు వెయ్యడానికి ముందుగదిలోకి వెళ్ళాను. గోడ మీద గడియారం ఆరుకి పావు తక్కువ.

వెనక గదిలో చక్రం తిరుగుతున్న చప్పుడు.

పిచ్చుక తిప్పి ఉంటుందిలే అనుకున్నాను. రెండడుగులు వేశాక ఆగిపోయాను. ఫ్రీవీలు టిక్ టిక్ మనడం లేదు. చైను గరగర, డైనమో రొద, అంతే. చక్రం ఊరికే తిరిగితే టిక్ మంటుంది. తొక్కుతుంటే మనదు.

ఎవరో తొక్కుతున్నారు...

తలుపు తీశాను. ఎదురుగోడ మీద పసుపుపచ్చని వెలుగు. సైకిల్ లైటు. పెడళ్ళు వాటంతటవే పైకీ కిందకీ, తీరిగ్గా. తోలు సీటు కింద స్ప్రింగులు అణిగి ఉన్నాయి. గదినిండా కుట్టుమిషను నూనె వాసన, తడిసిన బట్ట వాసన. చిన్న సీట్లో మా పిచ్చుక. అంత ఎత్తు అదెలా ఎక్కిందో...

"పిచ్చుకా... దిగమ్మా..."

"ష్... తాత తొక్కుతున్నాడు నాన్నా."

"ఏ తాత?"

తల తిప్పలేదు. "ముందుకే చూడమన్నాడు."

ఎత్తుకుందామని చేయి చాపాను. చేయి దేనికో తగిలింది. తడి చొక్కా చెయ్యి. చల్లగా. లోపల ఎముక. రోజుకి ముప్పైమంది చేతులు సర్ది ఎక్స్‌రే తీసేవాణ్ణి, మోచేయి నాకు తెలియదా? ఇటు ఒకటి. అటు ఒకటి. మధ్యలో నా కూతురు.

లాగాను. కదల్లేదు. బ్రేకులు రెండూ పట్టి నొక్కాను. రబ్బరు కాలిన వాసనొచ్చింది, చక్రం ఆగలేదు. ఇంకేం చెయ్యను? మోకాళ్ళ మీద పడ్డాను. "దణ్ణం పెడతాను... నా బిడ్డనొదిలెయ్యండి..." అని ఏడ్చాను. పెడళ్ళు అలాగే తిరిగాయి.

చాలాసేపటికి టిక్... టిక్... టిక్... జీవితమంతా ఇష్టపడ్డ ఆ చప్పుడు. చక్రం ఆగింది. లైటు ఆరింది. పిల్ల నా చేతుల్లోకి వచ్చేసింది, బుగ్గలు మంచుముక్కల్లా ఉన్నాయి.

"వంతెన దాటాం నాన్నా" అంది ఆవులిస్తూ. "ఇంకా దూరముందట."

ఆ రాత్రే సీటు రంపంతో ముక్కలు కోశాను. తెల్లారగానే సైకిలు తీసుకుని టైలరు చెల్లెలి దగ్గరికి పరిగెత్తాను. నన్ను చూడగానే "పెట్టావా?" అంది. తలొంచుకున్నాను. కనీసం ఆ రోజు ఆయన కూతుర్ని తీసుకెళ్తున్న ఇల్లెక్కడో చెప్పమన్నాను, పోయి అక్కడే కాపు కాద్దామని.

"ఆ ఇల్లు పడగొట్టి ఇరవయ్యేళ్ళయింది బాబూ."

సైకిలు లేదు, సీటు లేదు. అయినా ఆరుకి పావు తక్కువయ్యేసరికి పిచ్చుక ఎక్కడుంటే అక్కడే కూర్చుని, చేతులు ముందుకు పెట్టి, కనపడని మలుపు దగ్గర ఒక పక్కకి ఒరుగుతుంది. డాక్టర్లయ్యారు. ఊరు మారి చూశాం. అక్కడికీ వచ్చింది ఆ వేళ. మా ఆవిడ ఇప్పుడు నన్ను తుప్పు అనడం లేదు. అసలు నన్ను ఏ పేరుతోనూ పిలవడం లేదు.

పిల్ల రోజుకో ముక్క చెబుతుంది. మిల్లు దాటాం. చింతతోపు దాటాం. సందులోకి తిరిగాం. నిన్న సాయంత్రం చప్పట్లు కొట్టింది. "ఇంటి గేటు కనపడింది నాన్నా! రేపు దిగిపోతాను."

ఇవాళ మా ఆవిడా నేనూ దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. తలుపులు గడియ పెట్టాను. కిటికీలు మూశాను. ఫ్యాను ఆపేశాను. పిల్లని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

గడియారం ఆరుకి పావు తక్కువ చూపిస్తోంది. గాలే లేని గదిలో దాని ముంగురులు వెనక్కి ఎగురుతున్నాయి. ఇంకా గట్టిగా పట్టుకుందామని చూస్తున్నాను... నా చేతులు దాన్ని తాకడం లేదు. మధ్యలో ఇంకో రెండు చేతులున్నాయి, తడిగా.