వణకని చెయ్యి

ఊరికి విముక్తి వచ్చిన నలభయ్యో రోజున శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు మణికట్టు కంకణాలు విప్పించుకోవడానికి వరుసలో నిలబడ్డారు. ఆక్రమణదారులు తొడిగిన ఆ కంకణం పేరు చేతిసాక్షి. ఎవరు ఏ గీత ఎప్పుడు గీశారో, గీసేటప్పుడు చెయ్యి ఎంత వణికిందో అది నమోదు చేస్తుంది. కొత్త ప్రభుత్వం దాన్ని పారేయలేదు. వణికిన చెయ్యి భయంతో గీసిందని, వణకని చెయ్యి ఇష్టంతో గీసిందని చట్టం చేసింది. ఇష్టంతో గీసినవాళ్లు మళ్లీ కలం పట్టకూడదు. శత్రువుకు పని చేసిపెట్టి బదులుగా మేలు పొందిన కుటుంబాలు ఊళ్లో ఉండకూడదు.

ధనకోటమ్మ వంతు వచ్చింది. విచారణాధికారి మొగిలప్ప ఆమె కంకణం నమోదులు చూపే తెర చూశాడు.

"పన్నెండు మూరల గుడ్డమీద వాళ్ల సేనాని బొమ్మ. పదకొండు దినాల పని. ఒక్క గీతా వణకలేదేమవ్వా?"

"గీత మొదలుపెడితే ముగిసేదాకా ఊపిరి బిగబడతామప్పా. చుక్క రాలిందంటే గుడ్డ చెడినట్టే. యాభై ఏండ్లుగా ఇంతే."

"మిగతావాళ్ల చేతులు వణికినాయి గదా?"

"వాళ్లకింకా పని పట్టుబడలేదు."

వరుసలో ఎవరో నవ్వారు. మొగిలప్ప నవ్వలేదు.

గుడ్డ చెడకూడదనడానికి ఇంకో కారణం ఉంది. శిష్యురాలు చెంచులక్ష్మి కూతుర్ని సైనికులు శిబిరంలో పెట్టుకున్నారు. బొమ్మలో మచ్చ లేకుంటేనే వదులుతామన్నారు. చెంచులక్ష్మి చెయ్యి నిలవలేదు. ధనకోటమ్మ కలం అందుకుంది. పన్నెండో రోజున పిల్ల ఇల్లు చేరింది.

ఇప్పుడు చెంచులక్ష్మి అధికారి పక్క కుర్చీలో ఉంది. ఆమె కంకణం నిండా వణుకులే. అందుకే ప్రభుత్వం ఆమెను కలంకారీ బడికి పెద్దను చేసింది.

"చెప్పు మే," అంది ధనకోటమ్మ, "నీ బిడ్డ ఎట్ల వచ్చిందో."

చెంచులక్ష్మి కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"పాపను వాళ్లే వదిలిపెట్టినారు సార్. ఈయమ్మ తనంతట తానే గీసింది."

ఇరవై ఏళ్లుగా ఆ నోరు ఆమెను అక్కా అనే పిలిచింది.

 మొగిలప్ప బల్లమీద గుడ్డ పరిపించాడు.

"సరే అవ్వా. ఇక్కడా నీకు భయమే గదా. మా ముందర ఒక గీత గీయి. వణకకుంటే నీ మాట నమ్ముతా, కలం నీకే."

ధనకోటమ్మ కలాన్ని నల్లరంగులో ముంచింది. ఊపిరి బిగబట్టింది. తుపాకుల ముందు నిలిచిన చెయ్యి జానెడు దూరం పోయి, 'ఈయమ్మ' అన్న మాట గుర్తొచ్చి వణికింది. చుక్క రాలింది.

చెంచులక్ష్మి చెయ్యి అలవాటుకొద్దీ దాన్ని అద్దడానికి ముందుకొచ్చింది. మధ్యలో ఆగిపోయింది.

కంకణం మోగింది. ఏ వణుకుకైనా దానికి తెలిసిన పేరు ఒక్కటే. తెరమీద 'భయం' అని పడింది.

"చూస్తివా అవ్వా," అన్నాడు మొగిలప్ప, "భయముంటే నీ చెయ్యీ వణుకుతాది. ఆ పొద్దు లేదన్నమాట."

ధనకోటమ్మ కంకణం విప్పించుకుంది. కలం తుడిచి చెంచులక్ష్మి ముందు పెట్టింది.

"బడిలో పిల్లోళ్లకు అన్నీ నేర్పు మే," అంది. "ఊపిరి బిగబట్టేది మాత్రం నేర్పొద్దు."