తోరణంలో లేని బాంబు

"తోరణ. సాయంత్రం."

బాంబు ఎక్కడ, ఎప్పుడు అన్నదాని మీద డబుల్ ఏజెంట్ రత్నావతి పంపిన సందేశం అంతే.

ఆ రెండు మాటలూ నమ్మి సూరిబాబు కౌలాలంపూర్ దగ్గరి క్లాంగ్ పట్టణంలో తోరణాలన్నీ విప్పించాడు. 1957 ఆగస్టు. మెర్డెకాకి, అంటే స్వాతంత్ర్యానికి, ఇంకొక్క రోజే ఉంది. వీధి వీధికీ తోరణమే. మునిసిపాలిటీ ఖాకీ వేషంలో నిచ్చెనెక్కి అతను ఆకులు దులుపుతుంటే, తోరణం కట్టిన కాంతయ్య కింద నుంచి అరిచాడు.

"ఏటి బాబూ, మావిడాకులకి పురుగట్టినాదా?"

బాంబు దొరకలేదు.

పోలీసు గూఢచారి శాఖ స్పెషల్ బ్రాంచి ఆఫీసులో పై అధికారి సెల్లప్పన్ సిగరెట్ నలిపేశాడు. "ఆ డాక్టర్ క్రోల్ పైకి చరిత్ర లెక్చరర్, లోపల విదేశీ ముఠా నాయకుడు. అతని సెక్రటరీగా చేరి రత్నావతి మనకి పనిచేస్తోందనుకున్నాం. మనల్ని నిచ్చెనలెక్కించింది! పరేడ్ సైనికుల్ని కౌలాలంపూర్ తీసుకురావడానికి వెళ్లే రైలుని కూడా, పోర్టుకి వెళ్లేముందే అంగుళం వదలకుండా వెతికాం. ఇక చాలు. ఆమె ఇంటి దగ్గర కాపలా తీసెయ్."

"సార్, సాయంత్రం దాకా ఆగితే..."

"నిచ్చెనెక్కింది నువ్వు కదయ్యా! ఆమె మోసం చేసిందని నీకే అనిపించట్లేదా?"

అనిపించింది. సూరిబాబే ఫోన్ ఎత్తి కాపలావాళ్లని వెనక్కి పిలిచాడు.

సాయంత్రం కావస్తుండగా క్లబ్బులో క్రోల్ ఉపన్యాసం. సూరిబాబు వెయిటర్ వేషంలో టీ అందిస్తున్నాడు. రత్నావతి కుర్చీ ఖాళీగా ఉంది.

"సుమారు పద్నాలుగు వందల ఏళ్ల కిందటి మాట. పేరుకి అది రోమన్ సైన్యమే," అంటున్నాడు క్రోల్. "సైనికుల్లో చాలామంది గ్రీకు మాట్లాడతారు. కమాండ్లు మాత్రం పాత లాటిన్. ఒక రాత్రి కంచరగాడిద మీద బరువు జారుతుంటే, తోటివాడు 'తోర్నా, తోర్నా' అని కేకేశాడు. వెనక్కి తిరగమని. అది ఆర్డరనుకుని సైన్యమంతా వెనక్కి పారిపోయింది!"

అందరూ నవ్వారు. సూరిబాబు ట్రే బల్ల మీద పెట్టేశాడు.

తోరణ కాదు, తోర్నా. క్రోల్ అన్న మాట రత్నావతి తెలుగు చెవికి తోరణంలా వినబడింది. వెనక్కి తిరిగే రైలు! వెళ్లేటప్పుడు వెతికారు. తిరిగొచ్చేటప్పుడు?

క్రోల్‌ని పట్టుకొమ్మని సెల్లప్పన్‌కి ఫోన్ చేసి, తన గొడుగు అందుకుని పరుగు తీశాడు. క్లాంగ్ స్టేషన్లో కదిలిపోతున్న రైలు చివరి పెట్టెని అందుకున్నాడు. లోపల రత్నావతి. పట్టుచీర, నోట్లో గుడ్డ, చేతులకి తాళ్లు, ఒళ్లో ఆమె మేకప్ పెట్టె. పెట్టెలో గడియారం శబ్దం.

రైలు వంతెన ఎక్కింది. సూరిబాబు మేకప్ పెట్టెని నదిలోకి విసిరాడు. అది నీళ్లని తాకుతూనే పేలింది. కిటికీ అద్దాలు రాలాయి.

గొడుగు పిడిలోంచి కత్తి లాగి తాళ్లు కోశాడు. నోట్లో గుడ్డ ఆమే తీసేసుకుంది.

"నా ఇంటికాడ కాపలావోళ్లు ఏరి?"

"నేనే తీయించేసినాను."

"ఏటి?"

"తోరణ అన్నావు. తోరణాలన్నీ ఎతికినాం. ఏటీ లేదు. నువ్వు ఆళ్ల మనిషివనుకున్నాను."

"నాకు ఇనబడిందే సెప్పినాను గదా."

"నాలుగు తిట్టు, రత్నం."

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

"తిట్టను. తిడితే నీకు తేలికైపోద్ది."

కౌలాలంపూర్ వచ్చేదాకా ఆమె ఆ మాట మీదే నిలబడింది.