పునాదిలో నిలువెత్తు నూలు

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ మనిషి పాదాల కిందే దాక్కునే ఘోరమైన ఘడియ. ఉన్నట్టుండి పంజాగుట్ట మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. పట్టపగలే గుడ్లగూబ కూసింది...

అది పందొమ్మిది వందల నలభై ఒకటి. ఆ గుట్ట వాలులో కొత్త విశ్వవిద్యాలయానికి స్థలం కొలిచారు. గ్రంథాలయం, ప్రయోగశాలలు, వసతిగృహాలు, యాభై ఏళ్ల తర్వాత రాబోయే విద్యార్థులకు సైతం బాటలు! ఆ కట్టడాలన్నిటికీ నకాషా గీసినవాడు శివరాములు, మగ్గం వదిలి కలం పట్టిన నేత ఇంటి బిడ్డ. ఏం లాభం? గ్రంథాలయం మూలగోడ మూడుసార్లు లేచి మూడుసార్లు కూలింది. ఇంకోసారి కూలితే ఈ స్థలమే వద్దన్నారు పెద్దలు.

అప్పుడు నోరు విప్పాడు మేస్త్రీ రాజనర్సు. పైకి ఇటుకలు పేర్చేవాడు, లోలోపల బాణామతి ఉపాసకుడు.

"భూమి ఆకలి మీదున్నదన్నా. ఒక ఆడమనిషిని కొలిచిన నిలువెత్తు నూలు తెచ్చియ్యి. మూలరాయి కింద పెడ్త. గోడ నిలుస్తది."

"మరి గా మనిషి?" అన్నాడు శివరాములు.

"నలభై దినాలల్ల పోతది. గోడను మోసేది ఆమె పానమే గద."

శివరాములు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు నూలు తెచ్చిచ్చాడు. ఎవరిది? కట్టుకున్న భార్య కాంతవ్వది! కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరు?

ఆ నూలు అమీర్‌పేటలోని ఇంట్లో దూలానికి పసుపుగుడ్డలో కట్టి ఉండేది. నిరుడు కాంతవ్వకు అమ్మవారు పోసినప్పుడు తల్లి బుచ్చవ్వ ఆమెను నెత్తి నుంచి మడమ దాకా కొలిచి, బతికితే ఏడాది తిరిగాక ఆ నూలు బల్కంపేట ఎల్లమ్మకు అప్పగిస్తానని మొక్కి కట్టిన ముడుపు అది. కాగితం మీది గీతలు తప్ప మరేమీ కనబడని ఆ మహానుభావుడికి ముడుపైనా ఒట్టి నూలే. అది ముడుపని రాజనర్సుకూ చెప్పలేదు.

ఆ అమావాస్య మధ్యాహ్నం పునాది గోతిలో కపాలం... దాని చుట్టూ ఆ నూలు! రక్తనేత్రాలతో రాజనర్సు మంత్రోచ్చారణ... "హ్రీం... హ్రూం... ఫట్!" దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది.

అదే క్షణాన ఇంట్లో మగ్గం ముందున్న కాంతవ్వ వెనక్కి విరుచుకుపడింది. ఊపిరాడక గొంతు పీక్కుంది.

"నా ఎద మీద రాళ్లు పెడ్తున్నరే అవ్వా..."

బుచ్చవ్వ దూలం వంక చూసింది. ముడుపు లేదు. "తల్లీ, నీ సొత్తు ఎవడో ఎత్కపోయిండు. ఇగ నువ్వే చూసుకో" అంటూ నేల చరిచింది.

కాంతవ్వ లేచింది. జుట్టు విరబోసుకుని గుట్ట వైపు నడిచింది. వెనకే తల్లి పరుగెత్తింది.

"బలి తనంతట తనే వచ్చింది. దిగు గోతిలకు" అని హుంకరించాడు రాజనర్సు.

"నా ముడుపు మీద చెయ్యేసింది ఎవడు?"

అది కాంతవ్వ గొంతు కాదు! రాజనర్సు ముఖం పాలిపోయింది. "ముడుపా... నాకు జెప్పకపోతివేందన్నా?" అన్నాడు పక్కనే నిలబడ్డ శివరాములు వైపు తిరిగి. మోసంలో ఆ మాంత్రికుణ్ణి సైతం మించిపోయాడు మన నకాషా గుమాస్తా.

కాంతవ్వ మీదికి వచ్చింది బల్కంపేట బావిలో వెలసిన ఎల్లమ్మ తల్లి! ఎండిన గోతిలోంచి పసుపునీళ్లు ఉవ్వెత్తున ఎగిశాయి. కపాలం పగిలింది... మాంత్రికుడి ఆర్తనాదం నీళ్లలో కలిసిపోయింది. కాసేపటికి నీరు ఇంకింది. రాజనర్సు మాత్రం దొరకలేదు.

కాంతవ్వకు తెలివి వచ్చింది. బుచ్చవ్వ చెప్పిందంతా విని భర్త వైపు చూసింది.

"గా ముడుపు తీసింది నువ్వేనా?"

"గోడ నిలవకుంటే ఇన్నేండ్ల నా పని మన్నుల కలుస్తదనుకున్న కాంతా."

"నాకు పానం మీదికి వచ్చినప్పుడు పది దినాలు మంచం ఇడిసిపెట్టకుండ కూసున్నవు. గా మనిషివేనా నువ్వు?"

శివరాములు చూపు కూలిన గోడ వైపు మళ్లింది.

"నీకు గోడనే కావాలె గద. దాంతోనే సంసారం చెయ్యి."

తల్లి చెయ్యి పట్టుకుని ఆమె బల్కంపేట దారి పట్టింది. శివరాములు రెండుసార్లు పిలిచాడు. ఆమె ఆగలేదు.