నూకమ్మ డాబా మీద నీళ్ళు

బిష్టుపూర్‌లో బ్యాంకు పై అంతస్తులో ఉన్న హేమ డిటెక్టివ్ ఆఫీసులోకి నూకమ్మ చెప్పులతోనే వచ్చేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కప్పు పెచ్చు మా ఆయన తల మీద పడిపోనాది మేడమ్. పదకొండు కుట్లేసేరు. డాబా బాగుచేసిన మేస్త్రీ పింటూని కాలనీవోళ్ళు పట్టుకుని కొట్టేరు. సాయంత్రం పోలీసు కేసంట, కాగితం మీద నన్ను సంతకం పెట్టమంటన్నారు. పెట్టకపోతే మాతో మాటలుండవంట. ఆడు తప్పు సేసినాడో నేదో తెలీకుండా జైలుకెలాగ పంపుతాను?"

అదే ఊళ్ళో కద్మా చివర ఖర్కాయి నది ఒడ్డున ఉన్న ఆ తెలుగు కాలనీకి వానాకాలంలో మూడు పక్కలా నీళ్ళే. బయటి మేస్త్రీలెవరూ అటు రారు. ముప్పై ఏళ్ళుగా అందరికీ కాలనీ మేస్త్రీ పోలయ్యే దిక్కు. పని గట్టిగా చేస్తాడు కానీ, పిలిచిన ఆర్నెల్లకు వస్తాడు. మనవాడని ఎవరూ నోరెత్తరు. డాబా కారుతోందని రెండేళ్ళు బతిమాలి విసిగిపోయి నూకమ్మ ఊరవతలి గోవింద్‌పూర్ నుంచి పింటూని పిలిచింది. అంతకంటే పెద్ద నేరం ఆ కాలనీలో ఇంతవరకూ జరగలేదు మరి.

హేమ, ఆమె అసిస్టెంటు హరికిరణ్ డాబా ఎక్కారు. మూడు రోజుల వానకు జానెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళు పోయే గొట్టం మూతిని ఎవరో సిమెంటుతో మూసేశారు. హేమ తాళంచెవితో గీరి చూసింది. పొడి కూడా రాలలేదు. సిమెంటుకు గోనె పీచులు రెండు అంటుకుని ఉన్నాయి.

గేటు దగ్గర నిలబెట్టిన పింటూ పెదవి వాచిపోయింది. హేమ అడిగితే హిందీలో చెప్పాడు. "పది రోజుల కిందట పని అయ్యాక, పరీక్షకి గొట్టంలో గుడ్డ కుక్కి కొంచెం నీళ్ళు నిలిపాను దీదీ. చుక్క దిగలేదని మాజీకి, ఈ అమ్మకి, చూపించి గుడ్డ తీసేశాను. ఆ రోజు నుంచి కాలనీవాళ్ళు నన్ను గేటులోకి రానివ్వలేదు. ఇవాళ రానిచ్చింది కొట్టడానికే."

గుడ్డ తీయడం తాను చూశానని నూకమ్మ చెప్పింది.

పక్కింటి సూర్యప్రకాష్ కాలనీ సెక్రటరీ. "బయటోడి తరఫున వచ్చేరేటి మేడమ్?" అన్నాడు ఎకసెక్కంగా.

"మీ డాబాకీ దీనికీ మధ్య గోడ నడుం ఎత్తే ఉంది. మీ డాబా మీద పని ఎవరు చేస్తున్నారు?"

"మా పోలయ్యే. పదిహేను రోజులై రోజూ వత్తన్నాడు."

"ఆ గోడ నాను దాటనేదు," అన్నాడు అతని వెనకే నిలబడిన పోలయ్య, అడక్కుండానే.

"వెళ్ళేముందు పింటూయే మూసి ఉండొచ్చు కదా మేడమ్?" హరికిరణ్ గొంతు తగ్గించి అడిగాడు.

"మూయడం ఒక్క పూట పని హరీ. ఇక్కడ అంతకు మించి జరిగింది," అంది హేమ. అందరినీ డాబా మీదికి రమ్మంది.

"నీళ్ళు దిగకుండా పింటూ పూసిన మందు పిట్టగోడకు నాలుగు వేళ్ళ ఎత్తు వరకే ఉంది. ఎవరైనా అంతే పూస్తారు. జానెడు నీళ్ళు నిలిస్తే గోడలోంచి దిగి పెచ్చు ఊడుతుంది. ఆ నీళ్ళు నిలవడానికే గొట్టం మూశారు. వానకు ముందు వారమంతా నిప్పులు చెరిగే ఎండ. ఆ ఎండలో సిమెంటు వేసి వదిలేస్తే గోటికి పొడై రాలుతుంది. ఇది తాళంచెవికి కూడా లొంగలేదు. దీని మీద గోనె కప్పి రోజూ తడిపారు. ఆ వారం పింటూ గేటు బయట ఉన్నాడు. గోడ దాటి రోజూ రాగలిగిన మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. చెడగొట్టడానికి వచ్చి కూడా పని పాడుచేయడానికి అతనికి చేతులు రాలేదు."



"సిమెంటేసి తడపకుండా ఎలగొదిలెత్తారు?" పోలయ్య కోపంగా అనేసి, నాలిక కరుచుకున్నాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "నీరు కారితే నా కాడికే తిరిగొత్తారనుకున్నాను. పెచ్చు పడతాదనుకోనేదు."

సూర్యప్రకాష్ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "మనోడే కదా నూకమ్మా, మనలో మనం సద్దుకుందుం. ఆ కాగితం సింపేద్దుం."

నూకమ్మ అతన్ని పట్టించుకోలేదు.

"మూడు రోజులూ పక్కనే ఉండి నీళ్ళు నిండడం సూసినావు పోలయ్యా. ఒక్క కేకేసుంటే ఆయన మంచం ఇవతలికి లాక్కునేవోళ్ళం."

ఆమె కాగితంలో పింటూ పేరు కొట్టేసి, పోలయ్య పేరు రాసి సంతకం పెట్టింది. కాలనీవాళ్ళు ఆమెను పలకరించకుండానే మెట్లు దిగిపోయారు.

"కప్పు ఎప్పుడు ఏత్తావు బాబూ?" అని ఆమె పింటూని అడిగింది.

"మీ మీద కోపం లేదు మాజీ," అన్నాడతను సంచీ భుజానికి తగిలించుకుంటూ. "ఈ గేటులోకి మాత్రం మళ్ళీ రాను."