పదకొండు మందికి హాజరు

పాత పత్రాలు దాచే ఆ భవనంలో నేలమాళిగ గదికి చెడ్డపేరుంది. ఒకప్పుడది సైనికుల చెరసాల. ఇప్పుడు చివికిన కాగితాలు కడిగి బాగుచేసే చోటు. పొద్దు వాలాక మెట్ల దగ్గర నిలబడితే లోపల ఎవరో హాజరు పిలుస్తారట. ఒక్కో పేరు పిలిచి, ఆగి... ఎదురుచూసి... ఇంకో పేరు. పలికేవాళ్ళే ఉండరు.

అవి ఎలకల చప్పుళ్ళేనని కొట్టిపారేసేవాడు అందులో పనిచేసే ఆయన. కాగితాలకి వైద్యం చేస్తాడు గనక అందరికీ ఆయన డాక్టరే.

"ఎలకలకి పేర్లుంటాయా డాక్టరు బాబూ?" అనేది కాపలా ఆమె.

సేనాని ఉత్తరం వచ్చేదాకా ఆయనా నవ్వేవాడు.

పేరుమోసిన సేనాని స్వయంగా సంతకం చేసిన ఉత్తరం — జనం మీద కాల్పులు జరపమని. అడుగున, వేరే చేతిరాతలో పదకొండు పేర్లు. కాల్చం అన్న సైనికులవి. వాళ్ళనే గోడకి నిలబెట్టి కాల్చేశారు. ఆ పేర్లు ఇంకెక్కడా రాసి లేవు.

కాగితాన్ని తడిపేముందు దానిమీదున్న ప్రతి సిరానీ తడి దూదితో అద్ది చూడాలి. పాతికేళ్ళుగా చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం డాక్టరు సేనాని సంతకం ఒక్కటే అద్ది చూశాడు. కరగలేదు. ఉత్తరాన్ని నీళ్ళలోకి దించాడు.

సంతకం చెక్కుచెదరలేదు. పదకొండు పేర్లూ పొగలా లేచి... కలిసిపోయాయి.

సేనానికి గాజుపెట్టె. సైనికులకి మురుగుకాలవ.

గాభరాగా ఉత్తరాన్ని తీసి, తడి పీల్చే అద్దుడు కాగితం మీద అదిమి ఆరబెట్టాడు. ఎవరితోనూ అనలేదు. వారం గడిచింది. తెల్లారితే ఆ ఉత్తరం ప్రదర్శన. ఆ పదకొండు మందిలో ఒకడి మనవరాలు, పండుముసలావిడ, తాత పేరు కళ్ళారా చూసుకోవడానికి వస్తోంది.

ఆ సాయంత్రం డాక్టరు గదిలో ఒక్కడే ఉన్నాడు. టప్... కాస్సేపు ఏమీ లేదు. టప్... లెక్కపెట్టాడు. పదకొండు.

కుళాయి చూశాడు — పొడిగా ఉంది.

చప్పుడు ఆరబెట్టే బల్ల వైపు నుంచి వస్తోంది. అక్కడ ఆ అద్దుడు కాగితం. దాని మీద లేత గోధుమరంగు మరకలు... మరకలు కావు, తిరగబడిన అక్షరాలు. గోడకున్న అద్దానికి చూపించాడు. అద్దంలో ఒక్కొక్కటే — పదకొండు పేర్లూ.

అప్పుడే ఆ భవనానికి అధికారి, పెద్దసారు, మెట్లు దిగొచ్చాడు. డాక్టరు దాచలేక జరిగిందంతా కక్కేశాడు. పెద్దసారు ఉత్తరాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

"సంతకం బాగానే ఉందిగా. జనం వచ్చేది దానికోసమే. ఆ కాగితం చించెయ్. ఇది నా ఆర్డరు."

"చించను సార్."

"ఉద్యోగం పోతుంది."

"చించను."

పొద్దున గుమ్మంలోనే ముసలావిడకి ఆ అద్దుడు కాగితాన్ని అద్దంలో చూపించాడు. నేనే కడిగేశానమ్మా అని చెప్పాడు. ఆవిడ నాలుగో పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"వారం రోజులు ఎలా నిద్రపోయావు నాయనా?"

డాక్టరు అద్దాన్ని ఆవిడకి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

ఆవిడ వెళ్ళాక కాపలా ఆమె దగ్గరికొచ్చింది. రాత్రి ఎన్నింటికి వెళ్ళారని అడిగింది. ఏడింటికే, పెద్దసారుతో పాటే అన్నాడు.

ఆమె నేలమాళిగ మెట్ల వైపు చూసింది.

"మీరెళ్ళాక మళ్ళీ పిలిచారు... ఈసారి పలికారు. పదకొండు మందీ."

"మంచిదేగా."

"పన్నెండో పేరు కూడా పిలిచారు..." ఆమె గొంతు తగ్గించింది. "పలికింది మీ గొంతే, డాక్టరు బాబూ."