గోడ మీద దెబ్బ

రాయగడలో ఆ వీధి కుళాయికి తెల్లారి ఆరింటికి నీళ్లొస్తాయి. సరిగ్గా ఆ ఆరింటికే కిరణ్మయికి పాఠం. రెండూ ఒకే వేళకి రావడంతో ఆ ఇల్లు రోజూ పోట్లాటతోనే నిద్రలేచేది.

"కోడలా! బిందె పొర్లిపోతన్నాది. ఆ ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి నువ్వు లెగుస్తావా, నన్ను లెగమంటావా?" వరండాలోంచి అత్తగారు సత్యవేణి కేకేసింది.

సత్యవేణి లేవదని కిరణ్మయికి తెలుసు. పొద్దున్నే అరుగు మీద కాళ్లు చాపుకుని, వాచిన మోకాలి మీద వేలెడు పొడవున్న నున్నటి ఉక్కు ముక్కని దొర్లించుకోవడం ఆవిడకి అలవాటు. ఏదో మిషన్ సామానట. చల్లగా తగిలి నొప్పి లాగేస్తుందట. దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

"ఒక్క ఐదు నిమిషాలు అత్తయ్యా! నా వంతు వచ్చేసింది."

ఇస్త్రీబల్ల అని సత్యవేణి వెక్కిరించేది పెడల్ స్టీల్ గిటారుని. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ బల్ల, దాని మీద పది తీగలు. కింద ఎడమ పాదానికి మూడు పెడళ్లు, మోకాళ్ల పక్కన మీటలు. కుడిచేత్తో తీగ మీటాలి. ఎడమచేత్తో బారు అనే ఉక్కు కడ్డీని, తీగల కింద స్వరాలకి గుర్తుగా ఉన్న గీతల మీదికి సరిగ్గా వచ్చేలా జరపాలి. దాని ధ్వని ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మనిషి గొంతులా జారుతుంది. జయపురంలో నాన్న బియ్యం కొట్టు వెనకగదిలో కూర్చుని, ఫోన్లో ఆ ధ్వని మొదటిసారి విన్నప్పుడు కిరణ్మయికి అన్నం సయించలేదు. పెళ్లైన మూడేళ్లకి, పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు అమ్మి, కోల్‌కతాలో ఒక ఆర్కెస్ట్రావాళ్లు వదిలించుకున్న పాత గిటారు తెప్పించుకుంది. నేర్పేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ లేరు. భువనేశ్వర్‌లో లిప్సా మేడమ్ ఆఫీసుకి వెళ్లేముందు ఆన్‌లైన్లో ఆరుగురికి కలిపి నేర్పుతుంది. నెల ఫీజు గ్యాస్ బండ ధర కంటే తక్కువ.

ఫోన్లోంచి లిప్సా మేడమ్ ఒడియాలో అంది: "కిరణ్మయీ, మొదలుపెట్టు."

బారు జరిగింది. తీగ మోగింది. ఆ వెంటనే పక్కగది గోడ మీద ధన్‌మని దెబ్బ.

అది మావగారు చంద్రశేఖరం చేతికర్ర. రైల్వేలో రిటైరై ఇంట్లో ఉంటున్నప్పటి నుంచీ ఆయన నోరు ఎంత పదునో ఆ కర్ర అంత బరువు. కిరణ్మయి పళ్లు బిగించి మళ్లీ వాయించింది. మళ్లీ దెబ్బ. మూడోసారికి దెబ్బ పడలేదు. మనిషే వచ్చేశాడు.

"ఏటే ఇది? పొద్దున్నే ఇంట్లో ఎవులో పోయినట్టు ఏడిపిస్తన్నావు! మెడలో గొలుసు అమ్ముకుని ఏడుపు కొనుక్కున్న కోడలు ఈ జిల్లా మొత్తంలో నువ్వొక్కర్తివే."

"మావయ్యా, క్లాసు నడుస్తోంది. అందరూ వింటన్నారు."

"విననీ! నా ఇంట్లో నేను మాటాడ్డానికి ఆ పాఠాల పిల్లని పర్మిషన్ అడగాలా?"

ఆయన ఎడమచెయ్యి ఎప్పటిలాగే లుంగీ మడతలోనే ఉంది. కుడిచేత్తో కర్రని బల్ల కింద దూర్చి రౌటర్ వైరు లాగేశాడు. ఫోన్లో ఆరు ముఖాలూ బిగుసుకుపోయి, చెదిరిపోయి, మాయమైపోయాయి.

అంతవరకూ అది రోజూ ఉండే గొడవే. ఆ మధ్యాహ్నం అసలు దెబ్బ పడింది.

తెరుబలి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కిరణ్మయి భర్త రఘు కంచం ముందు కూర్చోగానే చంద్రశేఖరం మొదలెట్టాడు.

"ఆదివారం మన సన్యాసయ్య వ్యాను జయపురం వెళ్తన్నాది. ఆ బల్లని అందులో ఎక్కించేస్తన్నాను. దాని పుట్టింటోళ్లు అమ్ముకుంటారో, బియ్యం బస్తాలు పెట్టుకుంటారో వాళ్లిష్టం."

"నాన్నా, అది దాని సొంత గొలుసుతో..."

"అయితే దాన్ని కూడా ఎక్కించేస్తాను. నీకు ఏది కావాలో తేల్చుకోరా."

రఘు పప్పన్నం వైపు చూశాడు. "పోనీ, కొన్నాళ్లు మీ నాన్నగారి దగ్గర ఉంచుదాం కిరణూ," అన్నాడు మెల్లగా.

"కొన్నాళ్లంటే?"

"గొడవ సద్దుమణిగేవరకూ."

"మీ నాన్న సద్దుమణగడం మీరెప్పుడైనా చూశారేటండీ?"

సత్యవేణి చారు గిన్నె ఠప్పున కింద పెట్టింది. "మొగుడు ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడేనా మాటాడేది? ఆ బల్ల పోతే కనీసం ఈ ఇంట్లో నీళ్లయినా టయానికి నిండుతాయి."

ముగ్గురికి ముగ్గురూ ఒకవైపే. కిరణ్మయి లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఏడవడానికి కూర్చుంది కానీ ఫోన్ మోగింది. లిప్సా మేడమ్. ఆమెకి కోపం వచ్చి ఉంటుందనుకుంది కిరణ్మయి. ఆమె గొంతులో ఆశ్చర్యం తప్ప ఏమీ లేదు.

"నీకు ఇంకెవరైనా నేర్పుతున్నారా? బారు గీతకి తిన్నగా పడకపోవడం అందరికీ ఉన్న రోగమే. మిగతా ఐదుగురికీ ఇంకా వదల్లేదు. నీ శ్రుతి మాత్రం రెండు నెలల్లో ఎక్కడికో వెళ్లిపోయింది."

"ఎవరూ లేరు మేడమ్. ఇక్కడ నేర్పేవాళ్లు కాదు, ఆపేవాళ్లున్నారు."

ఫోన్ పెట్టేశాక ఆ మాట ఆమెని వదల్లేదు. ప్రతి పాఠం రికార్డు అయి గ్రూపులో ఉంటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాత పాఠాలు ఒక్కొక్కటే తెరిచింది. తన వాయింపు. గోడ దెబ్బ. వాయింపు. దెబ్బ. చిరాకేసి ఆపేయబోయింది.

ఆగిపోయింది.

బారు గీతకి ఓ వెంట్రుకవాసి ఇవతల ఆగిన చోట దెబ్బ పడుతోంది. సరిగ్గా పడిన చోట గోడ మౌనంగా ఉంది. ఇంకో పాఠం తెరిచింది. అదే వరస. మరొకటి. అక్కడా అంతే. ఎక్కడ తడబడిందో అక్కడే కర్ర లేచింది. రెండు నెలలుగా తాను ఆ దెబ్బ తప్పించుకోవడానికే బారుని సర్దుకుంటోంది. తనకి శ్రుతి నేర్పింది గోడ.

కాదు. గోడ అవతల కూర్చున్న మనిషి.

శనివారం వల వేసింది. పాఠం లేకపోయినా గిటారు ముందు కూర్చుంది. కావాలని బారు కొంచెం తక్కువలో ఆపింది. దెబ్బ! సరిగ్గా పెట్టింది. నిశ్శబ్దం. ఈసారి తన చెవికే అందనంత కొద్దిగా, కళ్లతో గీత చూసుకుంటూ, బారుని పక్కకి తప్పించింది.

ధన్!

కిరణ్మయి గోడ వైపు తిరిగి చూసింది. అంత సన్నటి తేడా వినేవాడికి సంగీతం రాకపోవడమన్నది జరిగే పని కాదు.

ఆదివారం పొద్దున్న వ్యాను హారన్ మోగేసరికి ఆమె వేళ్లకి తీగ మీటే ఇనప గోళ్లు తొడుక్కుని గిటారు ముందు కూర్చునే ఉంది. సన్యాసయ్య తువ్వాలు తలకి చుట్టుకుంటూ గుమ్మంలోకొచ్చాడు.

"ఎత్తరా సన్యాసీ," అన్నాడు చంద్రశేఖరం.

"ఆగు సన్యాసయ్యా. మావయ్యా, ఒక్క మాట అడుగుతాను. మీరు గోడ ఎందుకు కొడతన్నారు?"

"నీ గోల భరించలేక."

"గోల భరించలేని మనిషి మొత్తం కొట్టాలి. తప్పు దగ్గరే ఎందుకు కొడతన్నారు?"

"ఏటీ?"

ఆమె ఫోన్ స్పీకరు పెంచింది. స్వరం, దెబ్బ. స్వరం, నిశ్శబ్దం. స్వరం, దెబ్బ. రఘు మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. ఏం జరుగుతోందో అతనికి అర్థం కాలేదు, కానీ తండ్రి ముఖం రంగు మారడం మాత్రం చూశాడు.

"శ్రుతి ఎక్కడ నేర్చుకున్నారు మావయ్యా?"

చంద్రశేఖరం ఆమెకి జవాబు చెప్పలేదు. గిరుక్కున భార్య వైపు తిరిగాడు. "సెప్పేసేవా? నోరు మూసుకుని ఉండమన్నానా లేదా?"

"నేనేటీ సెప్పలేదు. మీ కర్రే సెప్పింది," అంది సత్యవేణి.

"ఎవులు సెప్తే ఏటి! ఈ సేత్తో ఏటి నేర్చుకుంటాను, ఏటి వాయిస్తాను? సూడవే, బాగా సూడు!" లుంగీ మడతలోంచి ఎడమచెయ్యి కోడలి ముందుకొచ్చింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఉండాల్సిన చోట ముడతపడ్డ మచ్చ తప్ప ఏమీ లేదు. "నీ అత్త పుట్టినూరి నూర్పిడి మిషను మింగేసింది. గుణుపురం పక్కన. పండక్కి అల్లుడొచ్చాడని పన్లోకి లాగేరు."

"ఎవులూ లాగలేదు! వద్దు వద్దంటే మీరే బెల్టు సర్దుతానని సెయ్యెట్టేరు!" సత్యవేణి గొంతు పగిలింది. ఎన్నేళ్లుగానో ఆ ఇంట్లో ప్రతి పోట్లాటా ఆ మిషను దగ్గరికే వెళ్లి ఆగేదని కిరణ్మయికి అప్పుడు తెలిసింది. "రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఆర్కెస్ట్రాలో హవాయి గిటారు ఈయనది. వినడానికి జనం స్టేషన్‌లోంచి లెగిసి వచ్చేవోళ్లు. సెయ్యి పోయేక గిటారు కంటికి కనబడకూడదన్నారు. నాగావళిలో పారేసి రమ్మన్నారు. పారేసేను. ఏడుసుకుంటూ పారేసేను!"

కుంటుకుంటూ వచ్చి, మోకాలి మీద దొర్లించుకునే ఉక్కు ముక్కని బల్ల మీద, కిరణ్మయి బారు పక్కన పెట్టింది. రెండూ ఒకే కొలత. రెండిటికీ ఒక కొస గుండ్రం.

"ఆ గిటారుది ఇదొక్కటీ పారెయ్యలేకపోయేను. మిషన్ సామానని అబద్ధం సెప్పేను."

చంద్రశేఖరం దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"తెలుసు," అన్నాడు చివరికి.

"ఏటి తెలుసు?"

"రోజూ నా కళ్లెదురుగానే కదే మోకాలికి రాసుకుంటన్నావు. నా బారు నాకు తెలీదా? నీ నెప్పి తగ్గుతన్నాది కదా అని ఊరుకున్నాను."

సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతకాలం తాను దాచింది ఆయన దగ్గర, ఆయన దాచింది తన దగ్గర. మధ్యలో ఆ ఉక్కు ముక్క రోజూ అరుగు మీద బాహాటంగా దొర్లుతూనే ఉంది.

"అయినా ఏటి లాభం," ఆయన గొంతులో మళ్లీ ముల్లు మొలిచింది. "స్వరం వంచాలంటే బారు ఏటవాలుగా తిప్పాలి. తిప్పితే ఊతం పట్టేవి ఈ రెండు వేళ్లే. లేవు. కోడలు గోడవతల వాయిస్తాది, నేను ఇవతల గోళ్లు కొరుక్కుంటాను. తీసికెళ్లిపోరా సన్యాసీ, నాకు కనబడకుండా తీసికెళ్లిపో!"

అదీ సంగతి. ఆయన అసహ్యించుకున్నది శబ్దాన్ని కాదు.

"మావయ్యా, ఒక్కసారి నా చెయ్యి కాదు, కాలు చూడండి."

కిరణ్మయి బారుని తీగల మీద తిన్నగా పెట్టింది. రెండు తీగలు కలిపి మీటింది. చెయ్యి కదపలేదు. ఎడమ పాదంతో పెడల్ నొక్కింది. ఒక స్వరం ఉన్నచోటే నిలబడింది. రెండోది దాని పక్క నుంచి మెల్లగా పైకి లేచింది.

చంద్రశేఖరం కర్ర కిందపడింది.

"ఓసి... ఇదా! ఒకటి నిలబడితే పక్కది ఎలాగ ఎక్కుతన్నాదని రెండు నెలలుగా గోడవతల బుర్ర బద్దలు కొట్టుకుంటన్నాను. ఏ ఏటవాలుకీ అలాగ రాదు కదా అని. వంచేది కాలా?"

"బారు తిన్నగా పట్టుకుంటే చాలు మావయ్యా. మూడు వేళ్ల పని. మీకు కాళ్లు రెండూ ఉన్నాయి."

"నోటికి కూడా తక్కువ లేదు," అంది సత్యవేణి కళ్లు తుడుచుకుంటూ.

గుమ్మంలోంచి సన్యాసయ్య గొంతు సవరించుకున్నాడు. "బాబూ, జయపురం ఎండ ఎక్కకముందే వెళ్లాలి. బల్ల ఎత్తమంటారా?"

"ఎత్తేవంటే కాళ్లు ఇరగ్గొడతాను. ఫో!"

వ్యాను వెళ్లిపోయింది. కిరణ్మయి లేచి, వేళ్లకున్న మీటే గోళ్లు తీసి ఆయన కుడిచేతి వేళ్లకి ఒక్కొక్కటీ తొడిగింది. ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. "వైరు నేనే లాగేసేను," అన్నాడు తీగల వైపు చూస్తూ. "రేపు క్లాసుకి నేనే పెడతాను. ఆ అమ్మికి సెప్పు, ముసలోడొకడు పక్కన కూకుంటాడని."

"ఫీజు వేరే కట్టాలేమో."

"నేను పెట్టిన దెబ్బలకి నువ్వే నాకు బాకీ ఉన్నావే!"

రఘు పకపకా నవ్వాడు. సత్యవేణి ఎవరికీ కళ్లు చూపించకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. బయట కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరికీ పట్టలేదు.

చంద్రశేఖరం స్టూలు మీద కూర్చున్నాడు. పాదం పెడల్ మీద పెట్టి, తీసి, చెప్పు విడిచి మళ్లీ పెట్టాడు. మోకాలి నొప్పి మెరుగుపెట్టిన ఆ పాత బారుని మూడు వేళ్లతో అందుకుని తీగల మీద ఆనించాడు. మీటాడు.

స్వరం కొంచెం కిందికి పడింది.

ధన్! వంటింటి గోడ మీద అట్లకాడ దెబ్బ.

చంద్రశేఖరం తలెత్తి ఆ గోడ వైపు చూశాడు. కళ్లు నిండిపోయాయి. బారుని వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటాడు. స్వరం గది నిండా నిటారుగా నిలబడింది.

రెండో దెబ్బ పడలేదు.